జాబితాలో సింహం లేదు

డాక్టరుగారు రాసిచ్చిన జాబితాలో సింహం లేదు. చిరుతపులి లేదు, ఏనుగు లేదు, మొసలి ఊసే లేదు. కెన్యా వెళ్తున్నాం, మసాయి మారాలో జంతువుల్ని చూస్తాం, అక్కణ్ణుంచి టాంజానియాలోకి దాటి కిలిమంజారో ఎక్కుతాం అని నేను ఛాతీ విరుచుకుని చెప్పిందంతా ఆవిడ ఓపిగ్గా విన్నది. విని, కాగితం మీద వరసగా రాసిందేమిటంటే: దోమ, ఇంకో రకం దోమ, ఈగ, ఐసు ముక్క, పచ్చి కూరగాయలు, సరస్సుల్లో ఈత, వీధి కుక్క, ఎత్తు. చివర్న ‘సీటు బెల్టు’ అని రాసి దాని కింద రెండు గీతలు గీసింది.

"మరి సింహం సంగతేమిటండీ?" అన్నాను, కాస్త చిన్నబుచ్చుకుని.

"దాని జోలికి మీరెలాగూ పోరు. బండి దిగకుండా కూర్చోండి, చాలు. వీటి జోలికి మాత్రం తప్పకుండా పోతారు."

ఈ ప్రయాణానికి మూలపురుషుడు నా బావమరిది. నైరోబీలో ఉద్యోగం, రోజూ జిమ్ము, చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారం. "మన నిజామాబాద్ పిల్ల మాలావత్ పూర్ణ పదమూడేళ్ళకే 2014లో ఎవరెస్టు ఎక్కేసింది. నువ్వు ఆఫ్రికాలో ఒక్క కొండ ఎక్కలేవా బావా?" అని ఫోనులో రెచ్చగొట్టాడు. పదమూడేళ్ళ పిల్లకీ యాభై దాటిన పొట్టకీ పోలికేమిట్రా అని మా ఆవిడ తమ్ముణ్ణి కోప్పడింది కానీ, అప్పటికే నాకు రోషం తలకెక్కింది.

విదేశీ ప్రయాణాలకంటూ ఒక వైద్యం ఉందని మనవాళ్ళలో చాలామందికి తెలియదు. మనకి తెలిసినవి వీసా, టికెట్టు, ఆవకాయ. ఆ వైద్యమంతా రోగం రాకముందే జరుగుతుంది. అదీ చిక్కు. జ్వరం వస్తే మాత్ర వేసుకోవడానికి మనకి అభ్యంతరం లేదు. రాని జ్వరానికి డబ్బులిచ్చి పొడిపించుకోమంటేనే ప్రాణం ఒప్పదు.

ముందుగా ఎల్లో ఫీవర్ టీకా. నారాయణగూడలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు, పాస్‌పోర్టు పట్టుకుని వెళ్ళాలి. సీసాలో పొడిని ఒకసారి కలిపారంటే కొన్ని గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది పారబొయ్యాల్సిందే. కాబట్టి పదిమంది పోగైతే అందరికీ లాభం. వరసలో ఓడల్లో పనిచేసే కుర్రాళ్ళున్నారు. ఎక్కడో ఆఫ్రికాలో బోర్లు వెయ్యడానికి వెళ్తున్న ఆసామి ఒకడు, కూతురి పురిటికి ఉగాండా వెళ్తున్న పెద్ద దంపతులు. నర్సమ్మ ఒక్కొక్కర్నీ "గుడ్డు పడుతుందా?" అని అడుగుతోంది. ఈ టీకాలో వైరస్‌ని కోడిగుడ్లలోని పిండాల్లో పెంచుతారు. గుడ్డు తింటే దద్దుర్లెక్కేవాళ్ళు ఆ మాట ముందే చెప్పాలి. నా ముందున్న పెద్దాయన నొచ్చుకున్నాడు.

"కార్తీక మాసం కదమ్మా, ముట్టను."

"ముట్టకండి. మామూలు రోజుల్లో తింటే ఏమన్నా అవుతుందా?"

"మా ఆవిడ తిడుతుంది."

నర్సమ్మ ఏం రాసుకుందో నాకు కనిపించలేదు. పక్కన నిలబడ్డ ఆ ఆవిడ మొహం మాత్రం కనిపించింది.

పొడిచాక అరగంట కూర్చోబెట్టి, ఒక పసుపుపచ్చ పుస్తకం ఇచ్చారు. అది పదో రోజు నుంచి చెల్లుతుంది. పూర్వం పదేళ్ళకోసారి మళ్ళీ పొడిపించుకునేవాళ్ళు, 2016 నుంచి ఒక్కసారి వేసుకుంటే జన్మంతా చాలన్నారు. దీన్ని తయారుచేసిన మాక్స్ థైలర్‌కి 1951లో నోబెల్ ఇచ్చారు. ఇందులో నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. ఆ పుస్తకం లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలో ఆరు రోజుల దాకా విడిగా ఉంచవచ్చు. అది మనమీద ప్రేమతో కాదు. ఎల్లో ఫీవర్‌ని మోసే ఏడిస్ దోమ మన దేశంలో వాడవాడలా ఉంది, దాని దగ్గర వైరస్ ఒక్కటే లేదు. మనం తెచ్చి దాని చేతిలో పెడతామేమోనని సర్కారు బెంగ. అంటే ఆ టీకా వేయించుకుని నేను మా వీధి దోమల ఆరోగ్యం కాపాడానన్నమాట.

రెండోది మలేరియా. దీని విషయంలో హైదరాబాద్ వాడికి కాస్త గర్వం ఉండాలి. మలేరియా జీవి దోమ కడుపులో ఉంటుందని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. హుసేన్ ఖాన్ అనే రోగి చేత దోమల్ని కుట్టించి, కుట్టిన దోమకి అణా చొప్పున ఇచ్చాడాయన. ఈ లెక్కన మా కాలనీవాళ్ళకి బాకీ కడితే రాష్ట్ర బడ్జెట్ చాలదు.

మలేరియాకి టీకా వేసే పద్ధతి మాలాంటి ప్రయాణికులకి లేదు, మాత్రలే. డాక్టరుగారు నాకు డాక్సీసైక్లిన్ రాసింది. బయల్దేరే ముందు మొదలుపెట్టి, అక్కడున్నన్నాళ్ళూ రోజుకొకటి, తిరిగొచ్చాక మరో నాలుగు వారాలు. దీని వంశవృక్షం తవ్వితే మా జిల్లాకొచ్చింది. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబానిది. ఆ కుటుంబంలో పెద్దది ఆరియోమైసిన్, 1948లో అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల నుంచి వచ్చింది. అప్పటికి అక్కడ పరిశోధనలకి అధిపతి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరం మాత్ర అనగానే నాకు దానిమీద గౌరవం పుట్టుకొచ్చింది. షరతులు విన్నాక తగ్గింది. గ్లాసెడు నీళ్ళతో మింగాలి. మింగాక అరగంట దాకా నడుం వాల్చకూడదు, గొంతు దిగకుండా ఆగితే ఆహారనాళం పుండు పడుతుంది. ఎండలో తిరిగితే చర్మం మామూలుకన్నా తొందరగా కమిలిపోతుంది, వెళ్ళేది భూమధ్యరేఖ మీదికి. పాలూ పెరుగూ ఆ పూటకి దూరంగా ఉంచాలి. సింహాన్నయినా ఎదుర్కొంటాను కానీ పెరుగన్నం లేకుండా భోజనం ముగించడం మా వంశంలో లేదు. చివరికి మాత్రని పొద్దున టిఫినుకి మార్చుకున్నాను.

సామాన్లు సర్దేరోజు బాబాయి వచ్చాడు. మా బాబాయి రెవిన్యూలో చేసి రిటైరయ్యాడు, వైద్యం సొంతంగా నేర్చుకున్నాడు. ఆయన దగ్గరొక స్వీటు డబ్బా ఉంటుంది. అందులో గత పాతికేళ్ళుగా చుట్టాల్లో ఎవరికి ఏ జబ్బు చేసినా మిగిలిపోయిన మాత్రలన్నీ ఉంటాయి. పేరు చిరిగిపోయినవీ, గడువు దాటినవీ, సగం కోర్సు దగ్గర రోగి "తగ్గిందిగా" అని మానేసిన యాంటీబయాటిక్సూ. "ఈ ఎర్రది విరేచనాలకి, ఈ పొడుగుది దేనికైనా," అని నా చేతిలో పోశాడు. అమృతాంజనం మాత్రం ఆయన జేబులోంచే తీశాడు. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు పెట్టినప్పటి నుంచీ దానికి లొంగని తలనొప్పి లేదని ఆయన నమ్మకం. దోమలకి కూడా పనిచేస్తుందన్నాడు. డాక్టరుగారు చెప్పింది డీట్ ఉన్న క్రీము రాసుకోమని. బాబాయి ఆ గొట్టం తీసుకుని వాసన చూసి, "ఇది మనుషుల్ని కూడా దగ్గరికి రానివ్వదు," అన్నాడు. అందులో నిజం లేకపోలేదు.

మా ఆవిడ ఆవకాయ, కందిపొడి, కారప్పూస, జీలకర్ర, వాము దేనికది ప్లాస్టిక్ కవర్లో కట్టి, ఆ కవర్ని ఇంకో కవర్లో పెట్టి, దాన్ని మూడో కవర్లో దూర్చింది. 2017 నుంచి కెన్యాలో ప్లాస్టిక్ సంచులు నిషేధమని తమ్ముడు ఫోను చేశాకగానీ ఆ తతంగం ఆగలేదు. తర్వాత అదంతా స్టీలు డబ్బాల్లోకి ఎక్కింది, విమానం బరువు లెక్క దాటింది, ఆ గొడవ వేరు. ఇంతలో డాక్టరుగారి ‘ఈగ’ వివరం తెలిసింది. సెట్సీ ఈగకి నీలం, నలుపు రంగులంటే మోజు. టాంజానియా అడవుల్లో దాన్ని పట్టడానికి ఆ రంగుల గుడ్డలే ఉచ్చులుగా కడతారు. మా ఆవిడ అడవి కోసమని ప్రత్యేకంగా కొన్న నాలుగు జతలూ నీలమే. "మరి ఏనుగులకి ఏ రంగు ఇష్టమో అదీ ముందే చెప్పమనండి," అంది, బిల్లు వెతుక్కుంటూ.

మసాయి మారా గురించి ఎక్కువ చెప్పను. సింహాలు పడుకున్నాయి, మేం చూశాం, లేవలేదు. మన కడుపుల మీద మనకున్న నమ్మకం గురించి మాత్రం ఒక మాట. "ఇండియాలో పానీపూరీ తిని పెరిగినవాళ్ళం, మనల్నేం చేస్తుంది," అని మాతో వచ్చిన ఒకాయన పళ్ళరసంలో ఐసు వేయించుకుని, పక్కనే తరిగిన పచ్చి కూరలు కూడా తిన్నాడు. మన ఊరి క్రిములతో మన పేగులకి పాత పరిచయం ఉండొచ్చు. ఊరు మారితే క్రిములూ మారతాయి, పేగులకి ఆ కొత్తవాటి మొహం తెలియదు. మర్నాడు ఏనుగుల మందని అందరం చూశాం, ఆయన ఒక్కడూ గుడారంలో ఓఆర్‌ఎస్ పొట్లం లీటరు నీళ్ళలో కలుపుకుంటూ కూర్చున్నాడు. చవకైన ఆ ఉప్పూ చక్కెరా నీళ్ళే ఆయన్ని సాయంత్రానికి మనిషిని చేశాయి.

ఇక కొండ. కిలిమంజారో 5,895 మీటర్లు. తాడు కట్టుకుని వేలాడే పనేం లేదు, అంతా నడకే. అందుకే దగాకోరు కొండ. పైన గాలిలో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో దొరికే దాంట్లో సగం. దీనికి మొదటి మందు నెమ్మదితనం. గైడు పొద్దున్నుంచి రాత్రిదాకా "పోలే పోలే" అంటూ ఉంటాడు, మెల్లగా మెల్లగా అని. నా నడక చూసి మా ఆవిడ ముప్ఫయ్యేళ్ళుగా అంటున్న మాటలకి విరుద్ధంగా, ఒక మనిషి మొదటిసారి నన్ను మెచ్చుకున్నాడు. మధ్యాహ్నానికి 4,600 మీటర్లు దాటించి, రాత్రికి 4,000 కిందికి దించి పడుకోబెడతారు. ఒళ్ళు ఎత్తుకి అలవాటు పడేది అలాగే. బావమరిదికి అది అవమానంగా తోచింది. "ఎక్కిందంతా దిగడానికా డబ్బులు కట్టింది?" అన్నాడు.

నేను అసిటజోలమైడ్ వేసుకుంటున్నాను, కొండ ఎత్తుకి డాక్టరుగారు రాసిన మాత్ర. "జిమ్ముకెళ్ళేవాడికి మాత్రేమిటి" అని వాడు వేసుకోలేదు. ఆ మాత్ర మూడు పనులు చేస్తుంది. వేళ్ళకి తిమ్మిరెక్కిస్తుంది, సోడా నీళ్ళని చప్పగా మారుస్తుంది, మూత్రం తెగ పోయిస్తుంది. మూడోదాని మహత్యం రాత్రి రెండింటికి తెలుస్తుంది. బయట గడ్డకట్టే చలి. ముందు పడుకునే సంచి జిప్పు. అది సగంలో గుడ్డ కొరుకుతుంది. తర్వాత గుడారం లోపలి జిప్పు, ఆ తర్వాత బయటి జిప్పు. బూట్లలో మంచు. తలకి లైటు. పైన జాకెట్టు, దాని కింద ఇంకో జాకెట్టు, ప్యాంటు కింద ప్యాంటు, ప్రతిదానికీ ఒక జిప్పు, తిమ్మిరెక్కిన వేళ్ళు. అన్నీ గెలిచి బయటికొచ్చి నిలబడితే తలమీద లక్ష నక్షత్రాలు. వాటిని చూసే తీరిక లేదు. మళ్ళీ లోపలికి దూరి జిప్పులన్నీ వేసుకుని వెచ్చబడేసరికి మాత్ర మళ్ళీ పిలుస్తుంది.

రోజూ సాయంత్రం టీ దగ్గర గైడు వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూస్తాడు. ఆ పరికరం కరోనా రోజుల్లో మనందరికీ చుట్టమైంది. ఇంట్లో 92 కనిపిస్తే అంబులెన్సుకి ఫోను చేసినవాళ్ళం. అక్కడ నాకు ఎనభై చిల్లర చూపించింది. గైడు "బాగుంది" అని పుస్తకంలో రాసుకుని బిస్కెట్లు జరిపాడు.

ఆఖరి క్యాంపు బరాఫూ. అక్కడికి చేరేసరికి బావమరిదికి తలనొప్పి, వాంతులు. వాడి గడియారం మాత్రం వాడు అద్భుతంగా ఉన్నాడనే చెబుతోంది. కండబలానికీ కొండజబ్బుకీ సంబంధం లేదు. పైగా బలమున్నవాడే తొందరగా ఎక్కి తొందరగా పడతాడు. గైడు వాణ్ణి మడమకి వేలు ఆనించి గీతమీద నడవమన్నాడు. మెదడుకి నీరు చేరిందేమో చూసే పరీక్షట. వాడు నడిచాడు కానీ, శనివారం రాత్రి బారు మూసేవేళ బయటికొచ్చినవాడిలా నడిచాడు. ఇక మాటల్లేవు. ఆ చీకట్లోనే ఇద్దరు మనుషులు వాణ్ణి కిందికి దించారు. ఈ జబ్బుకి అసలు మందు దిగడమే. కిందికి వెళ్ళిన కొన్ని గంటలకే లేచి కూర్చుని, కొండ కింద మోషీ ఊళ్ళో హోటల్లో ఉన్న అక్కకి ఫోను చేసి "బావ ఎలా ఉన్నాడో ఏమో, నాకు బెంగగా ఉంది" అన్నాడట.

బావ స్టెల్లా పాయింట్ దాకా వెళ్ళాడు, 5,756 మీటర్లు. తెల్లవారింది, గైడు నా మొహం చూసి చాలన్నాడు, నేను బేరమాడలేదు. కింద గేటు దగ్గర అందరూ చల్లటి కోక్ తాగి సంబరం చేసుకున్నారు. నాకు అది ఉప్పు మర్చిపోయిన చారులా తగిలింది.

విమానాశ్రయంలో పసుపు పుస్తకం చూపించి బయటపడ్డాం. నా వెనకాలాయన టీకాకి పది రోజులు నిండలేదు, పక్కన కూర్చోబెట్టారు. ఇంటికొస్తే చుట్టాలు వీరుణ్ణి చూడడానికి వచ్చారు. వీరుడు డాక్సీసైక్లిన్ మింగి, నడుం వాల్చకుండా నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఊరు దాటి వచ్చేశాక ఇంకా ఎందుకూ అని అందరూ అడిగేవాళ్ళే. మలేరియా జీవి ముందు కాలేయంలో దాక్కుని, తర్వాత నెత్తుట్లోకి వస్తుంది. ఈ మాత్ర దాన్ని పట్టేది నెత్తుట్లోనే. కాబట్టి నాలుగు వారాలు కాపు కాయాలి. ఆ తర్వాత కూడా ఎప్పుడు జ్వరమొచ్చినా "ఆఫ్రికా వెళ్ళొచ్చాను" అనే మాట డాక్టరుకి మొదట చెప్పాలి. ఇది వినగానే చుట్టాలకి సింహాల మీద ఆసక్తి పోయింది. ఒకరిద్దరు కుర్చీలు కాస్త వెనక్కి జరుపుకున్నారు.

బాబాయి మాత్రం జరగలేదు. అందరూ వెళ్ళేదాకా ఆగి, స్వీటు డబ్బా తీశాడు.

"ఒరేయ్, ఆ కొండ మాత్రలు ఏమన్నా మిగిలాయా?"

"ఎందుకు బాబాయ్?"

"మే నెలలో కేదార్‌నాథ్. హెలికాప్టర్లో వెళ్తున్నాం. అదీ కొండేగా."

కొండే. 3,583 మీటర్లు. నీకు సల్ఫా మందు పడక ఒకసారి ఒళ్ళంతా దద్దుర్లెక్కింది, ఈ మాత్రకీ దానికీ చుట్టరికం ఉంది, డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకు అన్నాను. నెమ్మదిగా ఎక్కితే ఒళ్ళు అలవాటు పడుతుంది, నిమిషాల్లో ఎగిరి దిగితే దానికి ఆ వ్యవధి ఉండదు, అందుకని మధ్యలో రెండు రాత్రులు ఆగి వెళ్ళండి అని కూడా చెప్పాను. గైడు చెప్పిన పోలే పోలే సంగతంతా వినిపించాను. బాబాయి శ్రద్ధగా విన్నాడు. డబ్బా మూత పెట్టాడు.

"ఓస్, అంతేనా. తోలేవాడికి చెప్తాలే, కాస్త మెల్లగా ఎక్కించమని."