అంతా గ్యాసే!

ఇబ్రహీంపట్నంలో పక్కటెముకల కింద పొడిచినా, వీపు సలిపినా, నడుము పట్టేసినా రోగం ఒక్కటే: గ్యాస్. "అన్నా, ఈడ పొడుస్తుంది" అని చెయ్యెత్తి చూపించేలోపే మెడికల్ షాపులో పాంటోప్రజోల్ స్ట్రిప్పు కత్తెర కిందికి వస్తుంది. నొప్పి కుడివైపా ఎడమవైపా అని అడిగేవాడుండడు. గ్యాస్‌కు దిక్కులేమిటి!

తగ్గకపోతే ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది. నొప్పి ఏదైనా ఆ పూటకు నోరు మూయించడమే దాని పని. నొప్పి పోయింది గనక రోగం గ్యాసేనని తేలిపోతుంది! నిజంగా కడుపులో పుండే ఉంటే ఆ సూది దాన్ని ఇంకా రేపుతుందన్న సంగతి మాత్రం తేలదు. చాలా నడుం నొప్పులు కండరాలవి, కొన్ని వారాల్లో వాటంతటవే పోతాయి. పేరు మాత్రం మాత్ర కొట్టేస్తుంది.

దానికీ లొంగకపోతే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లున్నారు. తాత బోర్లా పడుకుంటాడు, మనవడు బెరుకుగా కాలు మోపుతాడు. "గట్టిగ తన్నురా!" అని తాతే గదమాయిస్తాడు. కాళ్లు ముందుపెట్టి పుట్టడమే ఎముకల వైద్యంలో పట్టా. ఇప్పుడు అలాంటి కాన్పులన్నీ దాదాపు సిజేరియన్లే గనక, ముందు ముందు ఈ స్పెషలిస్టులకూ కొరతే.

నవ్వులాట అటుంచితే, ఆ తన్ను తినే వెన్నుపూసను క్షయ తొలిచేసి ఉండొచ్చు. వెన్ను గూనిపోయి కాళ్లు చచ్చుబడే ఆ జబ్బును పెర్సివల్ పాట్ అనే ఇంగ్లండు సర్జన్ 1779లోనే వర్ణించాడు. మూలుగలో పుట్టే మైలోమా క్యాన్సర్ కూడా తరచూ వెన్ను, పక్కటెముకల నొప్పితోనే బయటపడుతుంది. సర్పి అయితే బొబ్బలు లేవకముందే కొన్ని రోజులు పక్కలో మండిస్తుంది. అన్నిటికీ అదే స్ట్రిప్పు.

అంతెందుకు, పొరుగునే నల్గొండ జిల్లా మర్రిగూడ. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఒంట్లో వెన్ను కొయ్యబారుతుంది, ఊపిరి పీల్చినా పక్కటెముకలు సాగవు. పటిక, సున్నంతో ఆ నీటిని శుద్ధిచేసే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. ఆ జిల్లా గుమ్మంలో కూర్చుని కూడా మనం "ఏ బోరు నీళ్లు తాగుతున్నవ్?" అని అడగం, "రాత్రి ఏం తిన్నవ్?" అంటాం.

నొప్పి నిద్రలేపుతున్నా, సాయంత్రం జ్వరం కాస్తున్నా, బరువు తగ్గుతున్నా, కాళ్లు తిమ్మిరెక్కుతున్నా ఇంకో సూదికి చెయ్యి చాచకండి. డాక్టరుకు చూపించి ఎక్స్‌రే, రక్తపరీక్ష సంగతి అడగండి. క్షయకైతే పరీక్షలూ మందులూ ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.