చట్నీ సూచీ

మా అన్నయ్య కొడుకు డిగ్రీలో ఎకనామిక్స్ తీసుకున్నాడు. ఇంకెక్కడా సీటు రాక తీసుకున్నాడని వదిన అంటుంది, దేశాన్ని బాగుచేద్దామని తీసుకున్నానని వాడంటాడు. మొన్న ఆదివారం పుస్తకం చంకన పెట్టుకొచ్చి, "బాబాయ్, ఆర్థిక వ్యవస్థ బాగుందో లేదో దేన్నిబట్టి చెబుతారు?" అని అడిగాడు.

"మీ నాన్న బనియన్ని బట్టి" అన్నాను.

వేళాకోళం అనుకున్నాడు. కాదు. అమెరికా ఫెడరల్ రిజర్వ్‌కి 1987 నుంచి 2006 దాకా ఛైర్మన్‌గా చేసిన అలన్ గ్రీన్‌స్పాన్ అంతటివాడు ఓ పాత్రికేయుడితో అన్నాడట. మగవాళ్ళ డ్రాయర్ల అమ్మకాలు ఏటా దాదాపు ఒకే తీరున ఉంటాయి. పైకి కనిపించని బట్ట కనక, చెయ్యి బిగించాల్సి వస్తే మగవాడు ముందు వాయిదా వేసేది దాన్నే. ఆ అమ్మకాలు పడిపోయాయంటే గడ్డుకాలం వచ్చిందని గుర్తు. సూత్రం దివ్యంగా ఉంది గానీ మన దగ్గర చెల్లదు. మా అన్నయ్య బనియన్ చిల్లులు పడ్డాక ఇంటిపట్టున, చిల్లులన్నీ ఏకమయ్యాక వంటింట్లో మసిగుడ్డగా, ఆ తర్వాత స్కూటర్ డిక్కీలో సేవ చేస్తుంది. గ్రీన్‌స్పాన్ లెక్కన, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా ఇంట్లో మాంద్యమే.

బట్టతోనే కాదు, తిండితోనూ కొలిచారు. 'ది ఎకానమిస్ట్' పత్రిక 1986లో బిగ్ మాక్ బర్గర్ ఏ దేశంలో ఎంత ధర పలుకుతోందో చూసి, దాంతో దేశదేశాల కరెన్సీని తూచడం మొదలెట్టింది. మన వంతు వచ్చేసరికి గొడ్డుమాంసం పనికిరాక కోడిమాంసం బర్గర్‌ని తక్కెట్లో పెట్టారు.

మనవాళ్ళేం తక్కువ తినలేదు. 2020 జనవరి 31న వచ్చిన ఆర్థిక సర్వేలో అప్పటి ముఖ్య ఆర్థిక సలహాదారు కృష్ణమూర్తి సుబ్రమణియన్ ఏకంగా భోజనమే వడ్డించారు. ఆ అధ్యాయం పేరు 'థాలినామిక్స్'. కర్మాగారంలో పనిచేసే సగటు కార్మికుడి సంపాదనతో పోల్చి చూస్తే, 2006-07 నుంచి 2019-20 నాటికి శాకాహార థాలీ కొనే శక్తి 29 శాతం, మాంసాహార థాలీ కొనే శక్తి 18 శాతం పెరిగాయని తేల్చారు. ఉత్త ధర చూడకుండా సంపాదనతో కలిపి చూడటం మంచి పద్ధతి, ఒప్పుకోవాలి. కార్మికుడు కర్మాగారంలో కాక కంది చేలో ఉంటే ఏమిటన్నది వేరే మాట.

అసలు విందు ఆ తర్వాతుంది. ఐదుగురున్న కుటుంబం రోజుకు రెండేసి శాకాహార థాలీలు తింటే, 2015-16 తర్వాత ఏడాదికి సగటున 10,887 రూపాయలు లాభపడిందట. మాంసాహారులైతే 11,787. ఈ అంకె వదినకి చదివి వినిపించాను. బియ్యం డబ్బా, పోపులపెట్టె, బీరువాలో పట్టుచీరల మడతలు అన్నీ వెతికి, "మీ అన్నయ్యే తీసుంటారు" అని తేల్చేసింది.

పాపం, అన్నయ్య నిర్దోషి. ధరలు మునుపటి జోరుతోనే పెరిగి ఉంటే ఎంతయ్యేదో లెక్కగట్టి, అందులోంచి నిజంగా అయిన ఖర్చు తీసేస్తే మిగిలిన తేడా అది. చేతికొచ్చిన డబ్బు కాదు, చెయ్యి జారకుండా ఆగిన డబ్బు. లెక్క తప్పని నేననను. కానీ పిల్లలూ, ఎవరైనా 'లాభం' అనగానే 'దేంతో పోలిస్తే?' అని అడగండి. బస్సులో నా జేబుకొట్టినవాడు వెయ్యీ పట్టుకుపోతాడనుకుంటే ఆరొందలతో దిగిపోయాడు. నాకు నాలుగొందలు లాభం!

ఇంకోటుంది, 'కోర్ ద్రవ్యోల్బణం'. తిండి, ఇంధనం పక్కనపెట్టి మిగతావాటి ధరలు చూస్తారు. వానకి టమాటా ధర ఎగిరితే రిజర్వ్ బ్యాంకు వడ్డీ పెంచినంత మాత్రాన వాన వెలవదు కదా, అందుకని. సబబే. కాకపోతే 2012 ఆధారంగా వేసిన వినియోగదారుల ధరల సూచీలో ఆహార పానీయాల వాటాయే 45.86 శాతం ఉండేది. అన్నం మానేసి, బండి అమ్మేసుకున్నవాడికి కోర్ సూచీ అచ్చంగా సరిపోతుంది.

ఇన్ని చెప్పినా వాడి మొహంలో వెలుగు రాలేదు. వీధి చివర టిఫిన్ బండి దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడ బోర్డు మీద ప్లేటు ఇడ్లీ ధర రెండేళ్ళుగా మారలేదు. మారింది చట్నీ. మొదట అంతా వేరుశెనగ గుళ్ళే ఉండేవి. తర్వాత పుట్నాల పప్పు వచ్చి కలిసింది. ఆ తర్వాత నీళ్ళొచ్చాయి. ఇప్పుడు ఇడ్లీ అందులో ఈదుతోంది. బోర్డు చూసి రాసుకుంటే ధర పెరగలేదు, చట్నీ చూస్తే పెరిగింది. బిస్కెట్ ప్యాకెట్ రేటు కదలకుండా లోపల బిస్కెట్లు తగ్గడం కూడా ఇదే విద్య. రేటు అలాగే ఉంచి సరుకు తగ్గించడాన్ని ష్రింక్‌ఫ్లేషన్ అంటారని చెప్పాను. వాడు నోట్సులో రాసుకుని, "ఇంకొంచెం చట్నీ వెయ్యన్నా" అన్నాడు. బండి యజమాని వినపడనట్టు అటు తిరిగి దోసె తిరగేశాడు.

విద్యార్థులకు ఒక్క మనవి. పరీక్షలో ఈ చట్నీ సంగతి రాయకండి. గ్రీన్‌స్పాన్ డ్రాయర్ల గురించి రాయండి, మార్కులు పడతాయి.