నీడకు అడ్వాన్సు

పల్నాటి సీమయందు, మాచర్ల నుండి గురజాల పోవు దారిలో నున్న రెంటచింతలకు వేసవి వచ్చినంతనే రాష్ట్రమంతట కీర్తి కలుగును. ఇతర గ్రామములు పంటలచేతనో పండితులచేతనో పత్రికల కెక్కును. ఈ గ్రామము పాదరసముచేత నెక్కును. ఇట్టి చోట ఒక ఔత్సాహికుడు శీతల పానీయముల కొట్టు పెట్టదలచినాడనగా అతని వ్యాపారబుద్ధిని శంకింపవలసిన పని లేదు; శంకింపవలసినది ఆతడు కొట్టును వెదకు విధానమును.

ఆ అన్వేషణ మార్గశిరమున ఆరంభమగును. మంచు వీడని ఉదయమున, మేనమామను, మధ్యవర్తిని, వాస్తు సిద్ధాంతిని వెంటబెట్టుకొని, శాలువ కప్పుకొని సెంటరులోని ఖాళీ షట్టర్లన్నియు ఆతడు చూచివచ్చును. బస్సులు ఆగు చోటెంత దూరమని మేనమామ అడుగును. అడ్వాన్సు ఎంతయో మధ్యవర్తి చెవిలో చెప్పును. ఈశాన్యము పెరిగినదా, నైరృతి తగ్గినదా యని సిద్ధాంతి దిక్సూచిని నాలుగు మూలల ద్రిప్పును. ఇన్ని దిక్కులు పరిశీలించిన ఆ మహాసభలో, పడమటి దిక్కున సాయంకాలమేమి జరుగునని అడుగువా డొక్కడును ఉండడు. ఏలయనగా, వారు చూచు వేళ నెండ హితముగా, వెచ్చగా, అద్దె పెంచుటకు చాలినంత శోభాయమానముగా నుండును. “మన కొట్టుకు వెలుతురు బాగా వస్తుంది నాయనా” అని ఇంటి యజమాని ఆ వెలుతురును కూడ అద్దెలో గలిపివేయును.

మాఘమున ఒక పడమటి షట్టరునకు అడ్వాన్సు చెల్లును. ఫాల్గుణమున గాజుతలుపుల ఫ్రిజ్జు దిగును, కమర్షియల్ మీటరు బిగియును, గుమ్మమున నాపరాళ్ళు పరచుకొనును. 2020 జూలై 1 నుండి ప్రభుత్వము ఉచితముగా జరుపుచున్న ఉద్యమ్ నమోదు ఆధార్ అడుగును, చిరునామా అడుగును. నీడ యే వైపున పడునని మాత్రము అడుగదు. పిమ్మట ఫ్లెక్సీ వెలయును. ఈ మండలములోని మంచికల్లున పల్లవ సింహవర్మ రాతిపై చెక్కించిన ప్రాకృత శాసనమును పండితులు నేటికిని చదువుచున్నారు; మనవాని పేరు మాత్రము ఒక్క వైశాఖము గడచునప్పటికి తెల్లబడి, కొట్టు ఎవనిదో పరిశోధకులు తేల్చవలసిన స్థితికి వచ్చును.

ప్రారంభోత్సవము వైశాఖ శుద్ధమున, సూర్యోదయ ముహూర్తమున, దివ్యముగా జరుగును. బంధువులందరు ఉచితముగా సోడాలు త్రాగి దీవించి పోవుదురు. రెండు గంటల వేళకు అసలు యజమాని విచ్చేయును. ఆయన అడ్వాన్సు అడుగడు. షట్టరు గుండ తిన్నగా లోనికి వచ్చి ఫ్రిజ్జు నానుకొని కూర్చుండును. షట్టరు సగము దించిన, కొట్టు మూసినారని కొనువారు మరలిపోవుదురు; పూర్తిగా నెత్తిన, బల్లమీది సీసాలు వేడెక్కును. కంప్రెసరునకు విరామముండదు, మీటరునకు అలుపుండదు. పగలంతయు అప్పుగా గొన్న వేడిని నాపరాళ్ళు రాత్రి వడ్డీతో సహా తీర్చును. చల్లదనము నమ్మి గడించిన లాభమంతయు చల్లదనమును నిలుపుటకే కరెంటు బిల్లులో కరగిపోవును.

నిష్పక్షపాతముగా జెప్పవలెనన్న, ఈ గ్రామమున స్థలనిర్ణయము శాస్త్రోక్తముగా జరిగినది వాతావరణ శాఖవారి ఉష్ణమాపకమున కొక్కదానికే. స్కాట్లండునందు దీపస్తంభములు కట్టిన ఇంజనీరు థామస్ స్టీవెన్సన్ 19వ శతాబ్దమున కల్పించిన పద్ధతి ననుసరించి, అట్టి యంత్రము తెల్లరంగు పూసిన కొయ్యపెట్టెలో, గాలి యాడు జంట పలకల చాటున, గోడలకును రాళ్ళకును దూరముగా, నేల సెగ సోకని యెత్తున నివసించును. తలుపు తీసినప్పుడు సైతము ఎండ సూటిగా తగులకుండ ద్వారము ఉత్తరమునకు బెట్టుదురు. కుబేరస్థానమున ద్వారము గలిగియు అది సంపాదించునది కీర్తి యొక్కటే. అయినను దానికి సుఖమున్నది. పత్రికలలో అచ్చగు 45 డిగ్రీలు ఆ నీడలోని లెక్క. పడమటి షట్టరు ముందటి లెక్కను ఏ శాఖయు ప్రకటింపదు. ఎండను కొలుచుటకు వచ్చినది నీడలో నుండగా, ఎండనుండి జనులను సేదదీర్చి బ్రతుకదలచినవాడు ఎండలో నుండుటకే అడ్వాన్సు చెల్లించుచున్నాడు!

వేపచెట్టు క్రింద నిమ్మసోడా బండివానికి దిక్సూచి లేదు. ఉదయము చెట్టునకు పడమట, సాయంత్రము తూర్పున బండి నిలుపును; వాని వాస్తు దినమునకు రెండుమార్లు మారును. వీథి వర్తకుల రక్షణకు 2014లో పార్లమెంటు ఒక చట్టమును చేసినది గాని, రోడ్డు వెడల్పున వానికంటె ముందు పడిపోవు ఆ చెట్టును రక్షించునది కాదది.

కావున నా మనవి యొక్కటి. ఇకమీదట షట్టరు చూచుటకు మార్గశిర ప్రభాతమును విడిచిపెట్టవలెను. మే మొదటి వారమున, సూర్యుడు నడినెత్తికెక్కి మనిషి నీడ కాళ్ళ క్రిందికి ముడుచుకొను దినములలో, మధ్యాహ్నము మూడు గంటలకు, మేనమామను, మధ్యవర్తిని, సిద్ధాంతిని, వీలైనచో ఇంటి యజమానిని, చెప్పులు విడిపించి ఆ గుమ్మపు నాపరాళ్ళపై అరగంట నిలువబెట్టవలెను. ఏ దిక్కు మంచిదో, అడ్వాన్సు ఎంత తగ్గవలెనో, ఆ అరగంట లోపలనే శాస్త్రములన్నిటికిని ఏకాభిప్రాయము కుదురును.