పాస్‌వర్డ్ పెత్తనం

మా ఇంట్లో నన్ను అడక్కుండా జరగని పని ఒక్కటే. హాలు మూలనున్న సిస్టంలో కొత్తగా ఏదైనా ఎక్కించాలంటే నేను రావాలి. అబ్బాయిని ఏ కాలేజీలో చేర్చాలో, సంక్రాంతికి ఎవరింటికి వెళ్ళాలో, హాలుకి ఏ రంగు వెయ్యాలో నాకు అందరికన్నా ఆఖర్న తెలుస్తుంది. సిస్టం మాత్రం నా చేతిలో ఉంది. కొన్న రోజే మా ఆవిడకీ నాన్నగారికీ అబ్బాయికీ మామూలు ఖాతాలు తెరిచి, అడ్మినిస్ట్రేటర్ హోదా నా ఒక్కడి పేరునే ఉంచుకున్నాను. ఇంటి భద్రత కోసమని చెప్పాను. నమ్మారో, పోనీలే పాపమని ఊరుకున్నారో నాకింకా తేలలేదు.

ఆఫీసులో నేను సీనియర్ అసిస్టెంటుని. నేను రాసిన నోట్ మీద నలుగురు సంతకం పెడితేగాని ఫైలు బల్ల దిగదు. ఆ లోటు ఇక్కడ తీర్చుకుంటున్నాను. పూర్వం అత్తగార్లు బొడ్లో తాళాలగుత్తి దోపుకున్నట్టు, ఆ పాస్‌వర్డ్ దోపుకుని ఇల్లంతా తిరుగుతాను.

ప్రింటర్ సాఫ్ట్‌వేరుకో, పీడీఎఫ్‌లు చదివేదానికో కొత్త వెర్షన్ వస్తుంది. తెరంతా మసకబారి, నడిమధ్య ఒక పెట్టె లేస్తుంది. అందులో నా పేరు, దాని కింద ఖాళీ గడి. ప్రశ్నపత్రం టైపు చేసుకుంటున్న మా ఆవిడ పెరట్లోకి కేకేస్తుంది, "ఏమండీ, మళ్ళీ మీ పేరొచ్చింది!" అని. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నింపాదిగా వస్తాను. "అటు తిరగండి" అంటాను. మా ఆవిడ గోడమీది వెంకటేశ్వరస్వామి క్యాలెండరు వైపు తిరుగుతుంది. నాన్నగారు కళ్ళు మూసుకుంటారు. కళ్ళజోడు లేకపోతే ఆయనకి మానిటరే ఆనదు, అయినా మర్యాదకి మూసుకుంటారు. నేను ఒక చెయ్యి అడ్డం పెట్టి, రెండో చేతి చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతికి నొక్కుతాను. తప్పంటుంది. మళ్ళీ నొక్కుతాను. మళ్ళీ తప్పంటుంది. "క్యాప్స్ లాక్ వేసుంది, చూడండి" అంటుంది మా ఆవిడ, క్యాలెండరు మీంచి చూపు తిప్పకుండానే.

విండోస్ నెలవారీ అప్‌డేట్లది ఇంకో తరహా. 2003 అక్టోబరు నుంచి వాటిని నెలలో రెండో మంగళవారం విడుదల చెయ్యడం ఆనవాయితీ. ఈ సంగతి నాన్నగారికి చెప్పడం నేను చేసిన తెలివితక్కువ పని.

"మంగళవారమా? కొత్త పని మంగళవారం ఎవడు మొదలుపెడతాడ్రా?"

"అమెరికాలో పొద్దున పదింటికి వదుల్తారు నాన్నగారూ. మనకి రాత్రి పదిన్నర, చలికాలమైతే పదకొండున్నర. మన సిస్టంకి అందేసరికి బుధవారం వచ్చేస్తుంది."

"అర్ధరాత్రి మారేది మీ ఆఫీసు తేదీరా. సూర్యుడు పొడిచేదాకా మంగళవారమే."

పంచాంగం ప్రకారం ఆయన మాటే రైటు. ఆయన రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రవచనం పెట్టుకుంటారు. ఆ వేళప్పుడు సిస్టం రీస్టార్ట్ అడిగిందంటే, తిథి వార నక్షత్రాలన్నీ చూసి వాయిదా వేసేస్తారు.

యాక్టివ్ అవర్స్ అని ఒక సదుపాయముంది. ఫలానా గంటల్లో మేం వాడుకుంటూ ఉంటాం, నీ అంతట నువ్వు రీస్టార్ట్ కావద్దని చెప్పుకోవచ్చు. కాకపోతే గరిష్ఠం 18 గంటలు. మా ఇంట్లో నాన్నగారు నాలుగింటికి మొదలుపెడితే, ఈఏపీసెట్ మాక్ టెస్టుల పేరిట అబ్బాయి రాత్రి ఒంటిగంటకి ముగిస్తాడు. వెరసి 21 గంటలు. మిగిలిన మూడు గంటల్లోనైనా రీస్టార్ట్ అవుదామంటే, కరెంటు బిల్లు కోసం వాళ్ళమ్మ చెప్పిందని వాడు పడుకోబోయే ముందు స్విచ్చి కట్టేస్తాడు. ఎవరి గంటలకి కోత పెట్టాలన్న విషయమై ఇంట్లో సమావేశం పెట్టాను. ముగ్గురూ మిగతా ఇద్దరి గంటలు కొయ్యమన్నారు. తీర్మానం వీగిపోయింది.

కనుక నాకు బాగా చేతనైన మార్గం పట్టాను. పెండింగ్‌లో పెట్టడం. 35 రోజుల దాకా అప్‌డేట్లను నిలిపేసే వీలుంది. గడువు తీరాక మాత్రం, పేరుకున్నవన్నీ ఎక్కించుకుంటేగాని మళ్ళీ నిలపనివ్వదు. మా ఆఫీసులో ఇలాంటి నిబంధన లేదు కాబట్టే మేం ప్రశాంతంగా ఉన్నాం.

అప్‌డేట్ల విలువ తెలియనివాణ్ణేం కాదు. భోజనాల దగ్గర ఉపన్యాసం కూడా ఇచ్చాను. 2017 మే 12న వన్నాక్రై అనే రాకాసి ప్రపంచం మీద పడింది. సుమారు 150 దేశాల్లో కంప్యూటర్లలోని ఫైళ్ళకి తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కడితేగాని విప్పనంది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని వాతపడ్డాయి. దాని విరుగుడు ఆ ఏడాది మార్చి 14నే, అంటే రెండు నెలల ముందే వచ్చి ఉంది. వాయిదా వేసినవాళ్ళే ఎక్కువగా దొరికిపోయారు.

"మన సిస్టంలో ఏమున్నాయని?" అంది మా ఆవిడ, మజ్జిగ వడ్డిస్తూ.

"మన పెళ్ళి ఫొటోలు!"

"వాటికి 300 డాలర్లు ఎవరు కడతారండీ?"

నేను చెయ్యి కడుక్కుని సిస్టం దగ్గరికి వెళ్ళి, ఎదురుగా నిలబడ్డ నోటిఫికేషన్‌కి "తర్వాత గుర్తుచేయి" కొట్టి పడుకున్నాను.

ఆమధ్య బంధువుల పెళ్ళికి వెళ్ళొచ్చి, తనిఖీ చేద్దామని అప్‌డేట్ హిస్టరీ తెరిచాను. నేను ఊళ్ళో లేని తేదీన అప్‌డేట్లన్నీ విజయవంతంగా ఇన్‌స్టాల్ అయినట్టు వరసగా రాసుంది. పాస్‌వర్డ్ బయటికి పొక్కిందన్నమాట! అబ్బాయిని నిలదీశాను.

"వీటికి పాస్‌వర్డ్ అక్కర్లేదు నాన్నా. మామూలు ఖాతాలోంచి కూడా అయిపోతాయి. ప్రింటర్ లాంటివాటికే నిన్నడుగుతుంది."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

కాసేపు కుర్చీలో కూర్చున్నాను. "సరే. ఈ సంగతి మీ అమ్మకి చెప్పకు."

"చేసిందే అమ్మ, నాన్నా."

ఆదివారం మధ్యాహ్నం మామగారినీ కొడుకునీ పిలిచి, ఎవరి పని వాళ్ళని సేవ్ చేసుకోమని, రీస్టార్ట్ కొట్టి, అందరికీ కాఫీ పెట్టిందట. గ్లాసులు ఖాళీ అయ్యేసరికి అదీ అయిపోయిందట. నేను రీస్టార్ట్ చేసేటప్పుడు, ఇంకొకరు కూడా లాగిన్ అయి ఉన్నారు, వాళ్ళు సేవ్ చెయ్యని పని పోవచ్చు అని తెర మీద హెచ్చరిక పడుతుంది. ఆ ఇంకొకరు పక్క గదిలోనే ఉంటారని, పిలిచి అడగొచ్చని నాకెప్పుడూ తట్టలేదు. పదవిలో ఉన్నవాడికి అలాంటివి తట్టవు.

ఇంతలో 2025 అక్టోబరు 14 వచ్చింది. ఆ రోజుతో విండోస్ 10కి మామూలు మద్దతు ఆఖరు. 11 ఎక్కించుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ప్రాసెసరూ కాస్త కొత్తదై ఉండాలి. మా దాంట్లో రెండూ లేవు. ఇక ఈ గుర్తుచెయ్యడాల పీడ విరగడైందని ఇంటిల్లిపాదీ సంతోషించారు. నాకు అన్నం సయించలేదు.

తర్వాత తెలిసింది, నమోదు చేసుకుంటే భద్రతా అప్‌డేట్లు ఇంకో ఏడాది, 2026 అక్టోబరు 13 దాకా వస్తాయని. నిబంధనలు ఆసాంతం చదివాను. నమోదు చేసేది అడ్మినిస్ట్రేటర్ ఖాతాతోనే అయి ఉండాలి! మా శాఖలో సర్వీసు పొడిగింపు కోసం మంత్రుల ఇళ్ళ చుట్టూ తిరిగినవాళ్ళని ఎరుగుదును. నాకు హాల్లోనే దొరికింది.

నమోదు పూర్తిచేసి లేస్తుంటే మా ఆవిడ అంది, "పనిలో పని, ఆ పాస్‌వర్డేదో ఒక కాగితం మీద రాసిపెట్టండి. మీరు ఊళ్ళో లేనప్పుడు ప్రింటర్ అడిగితే ఇబ్బందవుతోంది."

రాతపూర్వకంగా అర్జీ పెట్టుకోమన్నాను. పెట్టుకుంది. పరిశీలనలో ఉంది.