కాడ్మియానికి బహిరంగ లేఖ

కాడ్మియమా,

తాగునీటిలో నీకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. మరిగించినా పోవు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడతావు. ఒంట్లో చేరితే మూత్రపిండాల్లో పదేళ్లకు పైగా తిష్ఠ వేస్తావు. జపాన్‌లో జింజూ నది ఒడ్డున నువ్వు చేసిన ఘోరం చిన్నది కాదు. ఎగువనున్న కమియోకా గని నుంచి నదిలోకి, నది నుంచి వరిమళ్లలోకి, అక్కడి నుంచి అన్నంలోకి వచ్చావు. ఎముకలు పెళుసుబారి విరిగి, ఆ పల్లెల ఆడవాళ్లు ఏళ్ల తరబడి నొప్పితో అల్లాడారు. ఇతాయ్-ఇతాయ్ అనే ఆ జబ్బుకు కారణం నువ్వేనని అక్కడి ప్రభుత్వం 1968లో గానీ ఒప్పుకోలేదు.

మన భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం లీటరు తాగునీటిలో నిన్ను 0.003 మిల్లీగ్రాములు మించనివ్వదు. అంత తక్కువలో ఉన్న నిన్ను మంటలో లోహం పీల్చే కాంతిని కొలిచే మామూలు ఫ్లేమ్ ఏఏఎస్ పరికరం నమ్మకంగా పట్టలేదు. పైగా నీ చుట్టూ సోడియం, కాల్షియం వేల రెట్లు ఎక్కువ. ముందు నిన్ను వాటి నుంచి విడదీసి ఒకచోట పోగుచేయాలి.

ఇందుకు వెనకటికి సెపరేటింగ్ ఫనెల్‌లో బోలెడు నీళ్లు, బోలెడు ద్రావణి పోసి కుదిపేవాళ్లు. 2006లో ఇరాన్ రసాయన శాస్త్రజ్ఞులు కొత్త సూక్ష్మ నిష్కర్షణ పద్ధతి చూపించారు. మరుసటి ఏడాదే అది నీ మీదికి వచ్చింది. 5 మిల్లీలీటర్ల నీళ్లు చాలు. నిన్ను పట్టి బంధించే ఏపీడీసీని, ఒకటి రెండు చుక్కల కార్బన్ టెట్రాక్లోరైడ్‌ను మిథనాల్‌లో కలిపి సిరంజితో వేగంగా చిమ్మితే, నీళ్లు పాలలా తెల్లబడతాయి. ఆ లెక్కలేనన్ని సన్నని బిందువుల్లోకి నువ్వు క్షణాల్లో చేరిపోతావు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే గొట్టం అడుగున ఒక్క చుక్క దిగుతుంది. అందులో నువ్వు వంద రెట్లకు పైగా చిక్కబడి ఉంటావు. ఆ చుక్కను గ్రాఫైట్ ఫర్నేస్‌లో వేడిచేస్తే 228.8 నానోమీటర్ల కాంతిని పీల్చుకుని బయటపడతావు. ఎంత అందమైన పని! కార్బన్ టెట్రాక్లోరైడ్ కూడా విషమే కాబట్టి, తర్వాతి వాళ్లు నీటిపై తేలి ఐసులో గడ్డకట్టే అన్‌డెకనాల్‌ను తెచ్చారు.

అయినా నువ్వు తప్పించుకునే దారి ఒకటుంది. అది సీసా. నమూనా పట్టిన వెంటనే నైట్రిక్ ఆమ్లం వేసి పీహెచ్‌ను 2 కంటే కిందికి దించకపోతే, సీసా గోడలకు అంటుకుపోతావు. అలాంటి నమూనా మీద ‘కాడ్మియం లేదు’ అని వచ్చే రిపోర్టును నేను నమ్మను.

ఈ లేఖ చదివేవాళ్లకు ఒక మాట. ఇంట్లో ముంచి చూసే టీడీఎస్ మీటరు కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుందంతే, కాడ్మియం జాడ చెప్పదు. మీ బోరు పరిశ్రమల పక్కనో, పాత బ్యాటరీలు విప్పే చోటి దగ్గరో ఉంటే, నీళ్లు పరీక్షకు ఇచ్చేటప్పుడు భార లోహాలు కూడా చూడమని కాగితం మీద రాసి అడగండి. సీసాలో ఆమ్లం వేశారో లేదో కూడా అడగండి.