బ్యాడ్జీ చదివే మనిషి

బ్యాంకులో కౌంటరు వెనక కూర్చుని రిటైరైనవాణ్ణి నేను. యూనియన్ జెండా మోశాను, గేటు మీటింగుల్లో గొంతు పోయేదాకా అరిచాను. అందుకని పనిచేసేవాళ్ల కష్టం నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని గట్టి నమ్మకం. టెక్సాస్‌లో అమ్మాయి ఇంట్లో 'సూపర్‌స్టోర్' అనే కామెడీ సీరియల్ చూశాక ఆ నమ్మకం మరీ ముదిరింది.

అది ఎన్‌బీసీ చానెల్లో 2015 నుంచి 2021 దాకా ఆరు సీజన్లు నడిచింది. సెయింట్ లూయిస్ ఊళ్లో క్లౌడ్ 9 అని ఒక పెద్ద దుకాణం. ఉప్పు నుంచి తుపాకీ దాకా అన్నీ అక్కడే. కథంతా అందులో సరుకులు సర్దేవాళ్లది, బిల్లు కొట్టేవాళ్లది. సృష్టించినాయన జస్టిన్ స్పిట్జర్, అంతకుముందు 'ది ఆఫీస్'కి రాసినవాడు. ఆ ఆఫీసులో కనీసం కుర్చీలున్నాయి. ఇక్కడ రోజంతా కాళ్ల మీదే.

మొదటి ఎపిసోడు అవగానే అల్లుణ్ణి అడిగాను, ఈ క్లౌడ్ 9 బ్రాంచి మన దగ్గర్లో ఎక్కడైనా ఉందా అని. అతను పెద్దమనిషి తరహా. "అది వాళ్లు కల్పించిన కంపెనీ అండీ, మావయ్యగారూ" అని ఊరుకున్నాడు. నా తెలివితక్కువ పనుల్లో ఇది చిన్నది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

మొదటి సీజను చివర నాకు పూనకం వచ్చినంత పనైంది. షెయెన్ అని టీనేజి పిల్ల, నిండు నెలలతో డ్యూటీ చేస్తుంటుంది. కానుపుకి జీతంతో సెలవు లేదు. అమెరికాలో 1993 నాటి చట్టం పన్నెండు వారాల సెలవైతే ఇస్తుంది గానీ ఆ రోజులకి జీతమివ్వమని యజమానికి చెప్పదు. మన దేశంలో 2017 నుంచి చట్టప్రకారం 26 వారాలు, జీతంతో. మన బట్టల షాపుల్లో అమ్మాయిలకి అది ఎంతమందికి అందుతోందన్నది వేరే సంగతి. తోటివాళ్లు హెడ్డాఫీసుకి ఫోన్ చేసి సెలవు గురించి అడుగుతారు. మాటల్లో యూనియన్ అన్న ముక్క దొర్లగానే, సెలవు రాదు గానీ యూనియన్ వద్దని బోధించే మనిషి మాత్రం దిగుతాడు! ఆ పిల్ల దుకాణంలోనే ప్రసవిస్తుంది. మేనేజరు గ్లెన్ అమాయకుడు, దైవభక్తుడు. జీతంతో సెలవివ్వడానికి దారి లేక, ఆరు వారాలు జీతంతో సస్పెండ్ చేస్తాడు. కంపెనీ అతన్నే ఇంటికి పంపుతుంది. స్టాఫంతా బయటికి నడుస్తారు.

సోఫాలోంచి లేచి పిడికిలెత్తాను. మనవడు జడుసుకున్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర అల్లుడికి బ్యాంకు ఉద్యోగుల ద్వైపాక్షిక ఒప్పందాల చరిత్ర మొత్తం వినిపించాను. పాపం, పొద్దున్నే అతనికి మీటింగు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ సీరియల్లో సన్నివేశానికీ సన్నివేశానికీ మధ్య మాటల్లేని చిన్న తునకలొస్తాయి. కొనడానికొచ్చినవాళ్లు ఎవరూ చూడట్లేదనుకుని చేసే చేష్టలు. వాటికి నేను పడీ పడీ నవ్వేవాణ్ణి. "చూశావా, పబ్లిక్ ఇంతే. కౌంటర్లో ఉన్నవాడికే తెలుస్తుంది" అని మా ఆవిడకి వ్యాఖ్యానం. మర్నాడు దుకాణానికి వెళ్తే నా పనులు ఇవీ: తువ్వాళ్లు విప్పి చూసి చుట్టగా పారేయడం, అమ్మకానికి పెట్టిన మడతకుర్చీ లాగి కూర్చుని వాట్సాప్ చూసుకోవడం, బిల్లు దగ్గర "ఫైనల్‌గా ఎంతకిస్తారు" అనడం. ఒకసారి ఐస్‌క్రీం డబ్బా తీసుకుని, షుగరు గుర్తొచ్చి, దుప్పట్ల మధ్య పెట్టేశాను. మళ్లీ ఆ చివరికి ఎవరు నడుస్తారు? ఇంత చేస్తూ కూడా నేను దుకాణంవాళ్ల పక్షమే అనుకున్నాను చూడండి, అదీ నా ఘనత.

నా మంచితనానికి రుజువు ఒకటుండేది. ఛాతీ మీద బ్యాడ్జీ చదివి, ప్రతివాళ్లనీ పేరు పెట్టి పలకరించేవాణ్ణి. నైటు డ్యూటీ పడిందా, పిల్లలెంతమంది, అన్నీ అడిగేవాణ్ణి. వెనక లైను పెరిగేది. సీరియల్లో అమెరికా ఫెరేరా అనే నటి వేసిన ఎమీ పాత్ర, రోజుకో పేరున్న బ్యాడ్జీ పెట్టుకుంటుంది. ఎందుకంటే ముక్కూ మొహం తెలియనివాళ్లు స్నేహితుల్లా తన పేరు పెట్టి పిలవడం ఆమెకి గిట్టదు. ఆ ముక్క వచ్చినప్పుడు కూడా నవ్వాను. అమ్మాయి మాత్రం నవ్వలేదు.

"నాన్నా, ఆవిడ చెప్పేది నీ గురించే."

ఎంత దబాయించినా లాభం లేకపోయింది. మేం వెళ్లే దుకాణంలో ఒకమ్మాయి నన్ను దూరంనుంచి చూసి కౌంటరు మారిపోతోందనీ, అది తను గమనించి సిగ్గుపడిందనీ కూడా చెప్పేసింది. నేనేమో ఆ పిల్లకి పని ఎక్కువైందని జాలిపడుతున్నాను.

2019లో వచ్చిన నాలుగో సీజను ముగింపు దగ్గర మాత్రం నా వ్యాఖ్యానం ఆగిపోయింది. మాటియో అని ఫిలిప్పీన్స్‌లో పుట్టిన కుర్రాడు, నోటి దురుసు, కాగితాలు లేవు. స్టోర్లో యూనియన్ ఊపందుకుంటున్న వేళ ఇమిగ్రేషన్ వాళ్లొచ్చి అతన్ని పట్టుకుపోతారు. గేటు మీటింగులో అరిచిన రోజుల్లో, మర్నాడు ఉద్యోగం ఉండదన్న భయం నాకెప్పుడూ లేదు. పర్మనెంటు ఉద్యోగం, పెన్షను. అలాంటి చోట అరవడం ఎంత తేలికో అప్పటిదాకా తట్టలేదు.

ఇదంతా విని మా ఆవిడ ఓదారుస్తుందేమో అనుకున్నాను. "పోనీ, బ్యాంకులోనైనా మంచిగా ఉన్నాను కదా" అన్నాను, కాస్త బతిమాలుతున్నట్టే.

"పెళ్లైన కొత్తలో ఒకసారి డీడీ తీయడానికి మీ బ్రాంచికొచ్చాను. మీ లైన్లోనే నిలబడ్డాను. తలెత్తకుండా పక్క కౌంటరుకి పొమ్మన్నారు."

"నేనని చెప్పొచ్చుగా? పిలవొచ్చుగా?"

"బల్ల మీద మీ పేరు రాసిన పలక ఉంది, చదివాను. అంతమందిలో మొగుణ్ణి పేరు పెట్టి పిలిస్తే బాగోదని పక్క కౌంటరుకే వెళ్లాను."