ఇబ్రి రేవులో మా పడవ

ఒమన్‌లోని మా ఇబ్రి కర్కటరేఖకు కాస్త దక్షిణాన ఉంది, అంటే ఉష్ణమండలంలోకే వస్తుంది. అందరూ ఎగబడి చూసే దైమానియత్ దీవులేమో ఆ రేఖకు ఉత్తరాన మిగిలిపోయాయి. భూగోళం పుస్తకం ప్రకారం ఉష్ణమండలం మాది, దీవులు రేఖ అవతలి వాళ్లవి. మధ్యలో మస్కట్ దాకా మూడొందల కిలోమీటర్ల దరిదాపు రోడ్డు. ఇటు పడమరకు తిరిగితే రుబ్ అల్ ఖాలీ ఎడారి. 2021లో దాని మీదుగా సౌదీకి రోడ్డు కూడా తెరిచారు. ఇలాంటి ఊళ్లో లెక్కలు రాసుకుని బతికే తెలుగువాడికి, సొంత పడవలో దీవుల మధ్య తీరిగ్గా తిరగాలన్న కోరిక ఎందుకు పుట్టాలి? పుట్టింది. కారణం మా పొరుగింటి ఒమానీ పెద్దాయన.

ఆయన బావమరిది సహమ్‌లో చేపల వేట మానేసి, తన ఫైబర్ పడవను ట్రెయిలర్ మీద తెచ్చి ఈయన పెరట్లో ఖర్జూరం చెట్టు కింద నిలబెట్టి పోయాడు. ఒకరోజు ఖహ్వా (అరబ్బు కాఫీ) పోస్తూ పెద్దాయన, “నా పడవ మీ పడవే” అన్నాడు. మర్యాదకు అన్న మాట. మా భీమవరం రాజుగారు దాన్ని రిజిస్ట్రీ అయిపోయినట్టే తీసుకున్నారు. రొయ్యల చెరువులో మేత చల్లే పడవ నడిపిన అనుభవం ఉంది కనుక, అరేబియా సముద్రం ఆయనకు ఇంకో పెద్ద చెరువు.

“గురువుగారూ, నీళ్లు ఎక్కడైనా నీళ్లేనండీ” అంటారు.

అప్పట్నుంచి గురువారం రాత్రుళ్లు పడవెక్కి కూర్చుని ప్రయాణం ప్లాను వేసేవాళ్లం. ఇంజిన్ మీద ఎరువుల గోనె కప్పి ఉంటుంది. ఒక లైఫ్ జాకెట్ భుజాన్ని మేకలు నమిలేశాయి. పగటిపూట వాటిలో ఒకటి పడవ ముక్కు మీద నిలబడి, గడ్డం పైకెత్తి దూరంగా చూస్తూ ఉంటుంది. మా అందరిలో సరంగు పోలిక దానికొక్కదానికే ఉంది. లంగరు తాడు ఎంత పొడుగుండాలన్న చర్చ అయిదు నిమిషాల్లో తేలిపోయింది. పులిహోరలో చింతపండా, నిమ్మకాయా అన్నది మాత్రం వారాల తరబడి నడిచింది.

నిజం చెప్పాలంటే పడవకు ఇబ్రిని మించిన క్షేమమైన రేవు లేదు. అడుగున నాచు పట్టదు, నత్తగుల్లలు అంటుకోవు, ఉప్పుగాలికి ఇంజిన్ తుప్పు పట్టదు. నీళ్లంటారా, ఫలజ్ కాలువలో పారుతూనే ఉంటాయి, మూరెడు లోతున. ఎప్పుడైనా గట్టి వాన పడి వాదీ అనే ఎండువాగు పొంగితే పడవ తేలేటంత నీరు వస్తుంది గానీ, అప్పుడు పోలీసులు రోడ్డు మూసేస్తారు.

పైగా నేల మీద నిలబడ్డ పడవకు ఒమన్‌లో పరువు తక్కువేమీ లేదు. 1980లో టిమ్ సెవెరిన్ అనే ఆయన సింద్‌బాద్ దారి వెతుకుతూ, ఇనుప మేకు కొట్టకుండా కొబ్బరి తాడుతో కుట్టిన ‘సొహార్’ అనే ఓడలో మస్కట్ నుంచి బయలుదేరి, మరుసటి ఏడు చైనా చేరాడు. అంత చేసిన ఓడ ఇప్పుడెక్కడుంది? మస్కట్‌లో అల్ బుస్తాన్ దగ్గర, రౌండెబౌట్ నడుమ. కార్లు దాని చుట్టూ ప్రదక్షిణలు చేస్తుంటాయి. మా పడవ చైనా వెళ్లే శ్రమ లేకుండానే ఆ హోదాకు చేరింది.

ఈ మాటకు రాజుగారు నొచ్చుకున్నారు. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద ఓడ బొమ్మ ఉందనీ, సముద్రం మన రక్తంలోనే ఉందనీ అన్నారు. కొందరి రక్తంలో ఉన్నమాట నిజమే. 2017–18లో ఐఎన్ఎస్‌వి తారిణి అనే తెరచాప పడవ మీద 254 రోజుల్లో భూమిని చుట్టివచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళల్లో ఇద్దరు మనవాళ్లు: విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య. హుస్సేన్ సాగర్ లాంటి చెరువులు తప్ప అసలు సాగరం లేని ఊరి అమ్మాయి అంత పని చేస్తే, మేము ట్రెయిలర్ లాగే పికప్‌కి పెట్రోలు ఎవరు కొట్టించాలన్న దగ్గరే ఆగిపోయాం.

చివరికి మస్కట్ పక్కనున్న సీబ్ వెళ్లి అద్దె పడవే ఎక్కాం. దైమానియత్ అంటే తొమ్మిది దీవులు, 1996 నుంచి రక్షిత ప్రాంతం. తెల్లటి ఇసుక, అడుగు కనిపించే నీళ్లు, మచ్చుకైనా చెట్టు నీడ లేదు. మా పడవ పక్కనే ఒక తాబేలు తల పైకి పెట్టి, నింపాదిగా ఒక ఊపిరి పీల్చి, మావైపు ఒకసారి చూసి మునిగిపోయింది. తీరిక అంటే అది. మేమందరం ఫోనులో సిగ్నల్ వెతుక్కుంటున్నాం. రాజుగారు మాత్రం ఇక్కడ రొయ్య పడుతుందా అని సరంగును అడుగుతున్నారు.

అక్కడే అసలు చిక్కు తెలిసింది. తాబేళ్లు గుడ్లు పెట్టే వేసవిలో ఆ దీవుల మీద కాలు పెట్టనివ్వరు. చలికాలంలో అయితే పర్మిట్ తీసుకుని గుడారం వేసుకోవచ్చు. మా పిల్లల బడి మూసేదీ, కంపెనీ సెలవిచ్చేదీ వేసవిలోనే. తాబేలుకు ప్రసూతి సెలవు దొరికిన నెలల్లోనే మాకు వార్షిక సెలవు. ఇద్దరిలో ముందు అప్లికేషన్ పెట్టుకున్నది తాబేలు, ఎప్పుడో యుగాల కిందట.

కాబట్టి గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్లకు నాదొక మనవి. సొంత పడవ బేరం ఆడేముందు, చలికాలంలో ఒక వారం సెలవు ఇస్తారేమో మేనేజర్‌ను అడగండి. ఇస్తే సీబ్‌లో అద్దె పడవలు బోలెడు. ఇవ్వకపోతే గురువారం రాత్రి ఇబ్రి రండి. మా పడవలో ఇంకో ఇద్దరికి చోటుంది, మేకలకు అభ్యంతరం లేకపోతే.